థర్మోకపుల్ చెప్పింది, నేను నమ్మాను

1959లో రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన భిలాయిలో పెరిగినవాడికి, వేడిని కొలిచే థర్మోకపుల్ మీద నమ్మకం ఉగ్గుపాలతో వస్తుంది. నాన్నగారు అక్కడి ఉక్కు కరిగించే విభాగం ఎస్.ఎం.ఎస్.లో పనిచేసేవారు. అట్టగొట్టం చివర ప్లాటినం తీగలున్న మొనను కరిగిన ఉక్కులోకి గుచ్చితే, కొన్ని సెకన్లలో 1600 దాటిన అంకె వస్తుంది, మొన కాలిపోతుంది. ఆ అంకెకి ఎదురు చెప్పినవాణ్ణి మా సెక్టార్ 6లో నేను చూడలేదు.

ఆ నమ్మకమే నన్ను ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో నవ్వులపాలు చేసింది. గాజు గొట్టంలోంచి గాలి లాగేసి, కొంచెం ఆక్సిజన్ వదిలి, రేడియో తరంగాలతో ప్లాస్మా వెలిగించాం. చిన్న నికెల్ పలకకి థర్మోకపుల్ అతికించి లోపల పెట్టాను. మీటరు 400 డిగ్రీలు దాటింది. ‘వాయువు ఉష్ణోగ్రత’ అని నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీశాను. రెండు గీతలు! ప్లాస్మా ఆర్పాక ముట్టుకుంటే గొట్టం గోరువెచ్చగానే ఉంది. దానికీ నా దగ్గర జవాబు సిద్ధం: గాజుకి వేడి ఆలస్యంగా ఎక్కుతుందట.

సెలవులకి ఇంటికొచ్చి గొప్పలు పోయాను. నాన్నగారు అంతా విని, “ఉక్కు వేడి చూసి అందులో ఆక్సిజన్ ఎంతుందో చెప్పలేం రా. దానికి జిర్కోనియా ప్రోబ్ వేరే ఉంటుంది. అది చూపించే మిల్లీవోల్టుల్ని బట్టే అల్యూమినియం ఎంత వెయ్యాలో తేలుస్తాం. నీ పలక అసలేం కొలుస్తోందో కనుక్కో ముందు” అన్నారు. ఫిజిక్సు చదివేవాడికి చెప్పొచ్చారు అనుకున్నాను, పైకి అనలేదు.

తిరిగి వెళ్ళి, ఆయన మాట తప్పని తేల్చడానికే, నికెల్ తీసేసి గాజు తొడిగిన థర్మోకపుల్ పెట్టాను. అదే ప్లాస్మా, అదే చోటు. అంకె వంద దాటలేదు.

అప్పుడు పుస్తకం తెరిచాను. ప్లాస్మాలో ఆక్సిజన్ అణువులు విడిపోయి ఒంటరి పరమాణువులవుతాయి. నికెల్ మీద రెండు మళ్ళీ కలిస్తే, వాటిని విడదీయడానికి ఖర్చయిన 5.1 ఎలక్ట్రాన్ వోల్టులూ చాలావరకు పలకకే దక్కుతాయి. అది కాగేది అందుకు, వాయువు కాగి కాదు. ప్లాస్మా ఆర్పిన మరుక్షణం పలక ఎంత వేగంగా చల్లారిందో చూస్తే, దాని మీద ఎన్ని పరమాణువులు పడుతున్నాయో, ఆ వాయువులో అవి ఎంత చిక్కగా ఉన్నాయో లెక్క కట్టొచ్చు. అసలు కొలత ఆ క్షణంలోనే ఉంది. నేనేమో ప్లాస్మా ఆర్పగానే టీకి పోయేవాణ్ణి.

నికెల్ మీద పడే ప్రతి నాలుగు ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారు ఒకటి అక్కడే జత కడుతుంది. గాజు మీద అలా కలిసేవి బహు తక్కువ.