పండగ ఇన్‌చార్జి మావయ్య

గుంటూరు వైపు ఏ క్రైస్తవ కుటుంబాన్నైనా తీసుకోండి, అందులో ఒక మావయ్య ఉంటాడు. పదకొండు నెలలు మామూలు మనిషే. రిటైరయ్యాడు కాబట్టి పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, రాత్రికి బీపీ మాత్ర. డిసెంబరు ఒకటో తారీకున అటక మీంచి నిరుటి స్టారు దింపాడంటే మాత్రం, ఇక ఇంట్లో ఇంకెవరి మాటా సాగదు. ఆయన్ని ఇన్‌చార్జిగా ఎవరూ పెట్టలేదు. తీసేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

అడ్డు చెబితే చరిత్ర తీస్తాడు. లూథరన్ మిషనరీ హెయ్యరు 1842లో గుంటూరు వచ్చినప్పుడు మూటాముల్లే అందుకుని బండి దింపింది తానే అన్నట్టుంటుంది వరస. "హెయ్యరు దొర నాటి నుంచీ మనింటి స్టారు తూర్పు మూలే కట్టారోయ్" అంటాడు. ఆ ఇల్లు కట్టింది 1986లో.

కట్టేది ఆయన కాదు. హైదరాబాదు నుంచి అలసిపోయి దిగిన పెద్దల్లుణ్ణి, కాఫీ అయినా తాగనివ్వకుండా నిచ్చెన ఎక్కిస్తాడు. తను కింద నిలబడి, "కొంచెం ఎడమకి అల్లుడు గారూ... మీ ఎడమ కాదు, నా ఎడమ" అంటుంటాడు. ఎట్టకేలకు స్విచ్ వేశారు. స్టారు వెలిగింది. మిగతా ఇల్లంతా ఆరిపోయింది. వంటింట్లో గులాబీ పువ్వులు వేయిస్తున్న అత్తయ్య చీకట్లోంచి కేకేస్తే, మావయ్య నింపాదిగా, "తూర్పు దేశపు జ్ఞానులకి ట్యూబులైట్లున్నాయా ఏంటే?" అన్నాడు.

ఇంతటితో ఆగితే ఆయన మావయ్య ఎందుకవుతాడు? 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ నిజం ఎద్దునీ, గాడిదనీ పెట్టి పశువుల పాక చూపించాడని ఎక్కడో చదివాడు. నిరుడు ఆ సంగతి ఆయన బుర్రలో దూరింది. పింగాణీ గొర్రెలు అటకెక్కాయి. గాడిద దొరకలేదు, ఎద్దుకి గేటు చాలలేదు. చివరికి వెనక వీధి నుంచి ఒక మేకపిల్లని, సాయంత్రానికల్లా తిరిగిచ్చే ఒప్పందం మీద, తోలుకొచ్చాడు.

మేకపిల్ల తన పాత్రలో పూర్తిగా లీనమైంది. ముందు తొట్టిలో గడ్డి తినేసింది. తరవాత పాక కప్పు. క్రిస్మస్ ట్రీ అని కుండీలో పాతిన సరుగుడు కొమ్మని కొరికి చూసి, నచ్చక, దాని మీద మంచని చల్లిన దూది నమిలింది. అప్పుడే మావయ్య క్రిస్మస్ తాత వేషంలో చాక్లెట్ల సంచీతో గది దాటాడు. దూది రుచి మరిగిన మేక గడ్డం కూడా అందుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అమెరికాలో ఉన్న చిన్నమ్మాయి వీడియో కాల్లో ఇది చూసి, "నాన్నా, ఇంకోసారి చెయ్యండి, ఇందాక సిగ్నల్ ఆగింది" అంది.

అసలు గొడవ మధ్యాహ్నం. వేకువజామున గుడి ఆరాధనకి వెళ్లొచ్చి అందరం ఆకలి మీద కూర్చున్నాం. మటన్ బిర్యానీ డేగిసా మూత తీశారు. ఘుమఘుమల మధ్య ఒక మనవరాలు, "తాతా, మేకపిల్ల ఏది?" అంది. అంతే, పిల్లలందరూ కంచాలు తోసేసి ఏడుపు లంకించుకున్నారు. చుట్టుపక్కలవాళ్లు ఎవరో పోయారనుకుని వచ్చారు. నిజానికి దాన్ని అప్పుడే తిరిగిచ్చేశాడు. సాక్ష్యం కావాలన్నారు. పండగ పంచె ఎగ్గట్టి మావయ్య మళ్లీ వెనక వీధికి పరిగెత్తి, మేకపిల్లని చంకనెత్తుకుని వచ్చి, భోజనాల గదిలో ఒక్కొక్కరికీ చూపించాడు. పోలికలు చూసుకున్నాకే పిల్లలు కంచాలు దగ్గరికి లాక్కున్నారు.

ఇక తినొచ్చనుకున్నాం. కానీ ప్రార్థన ఆయనదే. ఎదురుగా చెప్పలేనివన్నీ ప్రభువుకి చెబుతాడు. "నిచ్చెన సరిగా పట్టుకోనివారిని క్షమించుము. ఉప్పు మరిచిన చేతులను దీవించుము. ఫోను చేయని బంధువుల మనస్సులను మార్చుము." దేశాధినేతల నుంచి చిన్నల్లుడి ప్రమోషను దాకా వచ్చేసరికి బిర్యానీ చల్లారింది. మేకపిల్ల మాత్రం ఆమెన్ కోసం ఆగలేదు. అరిసెల పళ్లెం ఖాళీ చేసింది.

ఇన్ని జరిగినా ఆయన లెక్కలో పండగ దివ్యంగా జరిగింది. ఇరుగుపొరుగు కూడా అదే అంటారు, వాళ్లకది ఉచితంగా చూసిన సినిమా కదా. ఈ ఏడు పెద్దకాకాని వైపు గాడిదను మాట్లాడుతున్నాడని అత్తయ్య గుట్టుగా చెప్పింది. మా ఇంట్లో కట్టేయడానికి జాగా లేదు. దొడ్డి ఖాళీగా ఉన్న పుణ్యాత్ములెవరైనా ఉంటే, ఆ ఒక్క రాత్రికి చోటివ్వండి.