పంచె ఆరేదాకా

“ఆస్ట్రేలియా పోయొచ్చినావంట, ఏమేం చూసినావు మామా?”

ఇరవై రోజులుగా ఇదే ప్రశ్న. పాల పాకెట్ల అంగడి కాడ ఇదే, మందుల షాపు కాడ ఇదే. గుళ్ళో తీర్థానికి చెయ్యి చాపితే, పక్కన చెయ్యి చాపినాయన నోట కూడా ఇదే. “అడిలైడ్‌లో ఎనిమిది దినాలు ఊరికే కూర్చున్నా” అంటాను. అప్పుడు వాళ్ళు చూసే చూపుంది చూడండి, కొండ మీద జేబు కత్తిరించుకొని దిగొచ్చినవాణ్ణి కూడా అంత జాలిగా చూడరు.

వాళ్ళ తప్పేం లేదులెండి. మాది తిరుచానూరు. మా ఊరికని ప్రత్యేకంగా వచ్చి ఉండేవాళ్ళు తక్కువ. కొండ దిగినాక, రైలుకు ఇంకా టైముంటే, ఆటో మాట్లాడుకొని అమ్మవారిని చూసుకొని పోతారు. పొద్దున కాణిపాకం, మధ్యాహ్నం శ్రీపురం బంగారు గుడి, రాత్రికి కాళహస్తి. మాకు తెలిసిన యాత్ర ఇదే. ఒక్క ఊళ్ళో ఎనిమిది దినాలు ఉండిపోయినారంటే అది యాత్ర కాదు, ఆస్పత్రి.

అట్లా అని ముందు అనుకున్నది కూర్చోవడం కాదు. మావాడు క్యాంపర్ వ్యాను బాడుగకు తీసుకొని, ఒకటో నంబరు హైవే మీద దేశం చుట్టూ ప్రదక్షిణం చేయిస్తానన్నాడు. దాదాపు 14,500 కిలోమీటర్లు. పెర్త్‌లో బయల్దేరి తూర్పుకు తిప్పినాడు. నలార్బార్ మైదానంలో 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపు లేని రోడ్డు. ఘాట్ రోడ్డులో పెరిగిన కడుపులు మావి, మలుపు లేకపోతేనే తిప్పుతుంది. అప్పుడు గమనించినాను, దేశం మాకు ఎడమచేతి వైపు ఉంది. అంటే వాడు చేయిస్తున్నది అప్రదక్షిణం. అడిలైడ్ చేరేసరికి మా ఆమెకు నడుము పట్టేసిందంటే పట్టదా మరి?

అందుకని ఎనిమిది దినాలు మకాం. అక్కడ రండల్ మాల్ అని బండ్లు తిరగని బజారుంది. దాంట్లో 1999 నుంచి నాలుగు కంచు పందులు కాపురం ఉన్నాయి. కొండ మీద ముందు వరాహస్వామిని చూసుకున్నాకే వెంకన్న దర్శనమని కదా నియమం. ఆ లెక్కన మాకు మొదటి రోజే సగం పని అయిపోయింది. మిగతా సగానికి మావాడు క్రికెట్ గ్రౌండు చూపిస్తానన్నాడు. 1911 నాటి స్కోరుబోర్డును ఇప్పటికీ చేత్తోనే మారుస్తారంట. 2020 డిసెంబరులో మనవాళ్ళు 36 పరుగులకే చాప చుట్టేసింది అక్కడే. ఆ రోజు స్కోరుబోర్డు వాళ్ళ చేతులు పెద్దగా నొప్పి పుట్టి ఉండవు. దాన్ని డబ్బిచ్చి మరీ చూడాలా?

అసలు బాధ ఇవేవీ కావు. పంచె.

మేము దిగిన ఫ్లాటులో తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉంది. బాల్కనీలో బట్టలు ఆరెయ్యరాదు. ఎందుకురా అంటే, చూసేవాళ్ళకు బాగుండదంట. ఎర్ర అంచు ఎనిమిది మూరల పంచె ఎవరి కంట్లో పొడిచింది ఇంతవరకు? మా పుష్కరిణిలో మునిగొచ్చిన ఆడవాళ్ళు తడిచీర చెరో కొస పట్టుకొని గాలికి నిలబడతారు. చీర ఆరేలోపల రెండు కాపురాల కష్టసుఖాలు తేలిపోతాయి. పంచమీ తీర్థం నాడైతే మా వీధిలో ఆకాశం కనబడదు, అన్నీ చీరలే. ఎవరి అందం చెడింది?

పోనీ ఈ నియమం ఇంకే ఊళ్ళోనో ఉంటే సర్దుకుందును. అడిలైడ్! లాన్స్ హిల్ అనే ఆయన 1945లో, భార్య పోరు పడలేకనే అంటారు, గొడుగు మాదిరి గిర్రున తిరిగే దండెం తయారు చేసిన ఊరు. హిల్స్ హాయిస్ట్ అని ఆ దండేన్ని దేశమంతా పెరట్లో తులసికోట మాదిరి నాటుకున్నారు. దండెం పుట్టింట్లో నా పంచెకు చోటు లేదంటే, కాళహస్తిలో రాహుకేతు పూజ చెయ్యరాదన్నట్టే.

సరే, డ్రయ్యర్లో వేసినాం. నాణేలు మింగి, నలభై నిమిషాలు తిప్పి, అప్పడం చేసి ఇచ్చింది. కట్టుకుంటే పిక్కల పైకొచ్చింది. “బాగుందిలే, బడికి పొయ్యేటప్పుడు నీ నిక్కరు ఇంతే ఉండింటాది” అనింది మా ఆమె. రెండో పంచెను రాత్రి స్నానాల గదిలో కడ్డీకి వేలాడదీస్తే, నడిరేయి లేచిన మావాడు దాన్ని చూసి పెట్టిన కేకకు పక్క ఫ్లాటువాళ్ళు గోడ బాదినారు.

మూడో పంచెకు తెగించినాను. తడిదాన్నే సంచిలో పెట్టుకొని, ఊరి నడుమ టికెట్టు అడగని ట్రాము ఎక్కి, మేమిద్దరం టారెన్స్ ఏటి గట్టుకు పోయినాం. గడ్డి మీద పరచి నాలుగు మూలలకు మా నాలుగు చెప్పులు పెట్టినాం. కుక్కను తిప్పుతున్న ఒకాయన నిలబడి “హౌ ఆర్ యు గోయింగ్?” అన్నాడు. “బై ట్రామ్” అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

మన దగ్గర రోళ్ళు పగిలే రోహిణి కార్తె, అక్కడ స్వెట్టరు. ఎండ ఉందే గానీ దాంట్లో పస లేదు. ఏట్లో మాత్రం నీళ్ళు నిండుగా ఉన్నాయి. 1881లోనే అడ్డకట్ట వేసి నిలబెట్టుకున్నారంట. మా స్వర్ణముఖిలో నా చిన్నప్పుడు కూడా నీళ్ళు అంతంతే, ఇసుక ఉండేది. ఆదివారం పొద్దున మా నాయన చెలమ తీసి, ఉన్న రెండు పంచెలూ పిండి, ఇసుక మీద పరచి, మూలలకు రాళ్ళు పెట్టేవాడు. ఒంటి మీద తువ్వాలే కాబట్టి అవి ఆరేదాకా ఆయన ఎక్కడికీ పోలేడు, ఎవరూ పనికి పిలవలేరు. ఆయన మాతో నింపాదిగా మాట్లాడింది ఏమన్నా ఉంటే, ఆ గంటలోనే. ఆ ఇసుక లారీలెక్కి పోయింది. నేను రిటైరై ఆరేళ్ళు. ఏరు ఇంటికి నడిచేంత దూరమే, ఆ వైపు పోయింది ఎప్పుడో గుర్తు లేదు.

“ఆరిందా?” అనింది మా ఆమె.

చెయ్యి పెట్టి చూసినాను. ఆరింది.

“ఇంకా తడిగానే ఉంది” అన్నాను.