పోషకరావు గారి కుండీలు

ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా అందులో ఒక పోషకరావు ఉంటాడు. ఇది మనిషి పేరనుకునేరు, ఒక జాతి పేరు. ఈ జాతిలో పోషకమ్మలూ బోలెడంతమంది. కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తైనా, గాజువాకలో రెండో అంతస్తైనా ఆనవాళ్ళు మాత్రం మారవు. టీవీ పక్కన అరెకా పామ్, సోఫా మూలన స్నేక్ ప్లాంట్, ఫ్రిజ్ మీద మనీ ప్లాంట్, వంటింటి సింకు కింద ఒక చిన్నపాటి ఎరువుల కొట్టు. ఆ కొట్లో వర్మీ కంపోస్టు సంచి, వేపపిండి, ఆవపిండి చెక్క, నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉన్న 19:19:19 పొట్లం, ఎప్సమ్ సాల్టు డబ్బా, మూడు రోజులుగా అరటితొక్కలు నానుతున్న సీసా, చుట్టాలెవరైనా మజ్జిగనుకుని నోట్లో పోసుకునే ప్రమాదమున్న పులిసిన బియ్యం కడుగు వరసగా కొలువుదీరి ఉంటాయి. పొద్దున కాఫీ అవగానే ఆయన చెంచా పుచ్చుకుని బయల్దేరతాడు. కుండీ కుండీకీ ఆగి, ఆకు తిరగేసి చూసి, నిట్టూర్చి, “చిక్కిపోయింది పాపం” అంటాడు. ఆ మాట ఆయన నోట పడిందంటే ఆ మొక్కకిక తప్పించుకునే దారి లేదు.

ఆయన్ని తెలియనివాడని తీసిపారేయడానికి లేదు. నత్రజని ఆకుకీ, భాస్వరం వేరుకీ పూతకీ, పొటాష్ మొత్తం దారుఢ్యానికీ అని అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాడు. చిక్కంతా ఆయన మర్యాదతోనే. తెలుగింట్లో ప్రేమకు ఒకటే క్రియాపదం: పెట్టడం. చుట్టం విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి వడ్డించగలిగిన వంశం మనది. అలాంటి చేతికి మొక్క దొరికింది, దానికి అడ్డం పెట్టడానికి చెయ్యి కూడా లేదు. ఇంట్లో పెరిగే మొక్కలు ఆకలితో చచ్చేది తక్కువ, ఆతిథ్యంతో చచ్చేది ఎక్కువ అని నేను గట్టిగా నమ్ముతాను. మొక్కకు అన్నం వెలుతురు. ఎరువు ఆ అన్నంలోకి ఉప్పు. పోషకరావు అన్నం అటకెక్కించి, ఉప్పు మాత్రం మారు వడ్డిస్తుంటాడు.

ఈ మాటకు ఆధారం కావాలంటే పదిహేడో శతాబ్దానికి వెళ్ళాలి. బ్రస్సెల్స్ వైద్యుడు వాన్ హెల్‌మాంట్ 200 పౌన్ల ఎండుమట్టి తూచి, అందులో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్ళపాటు నీళ్ళు తప్ప మరేమీ పెట్టలేదు. చివరికి చెట్టు 169 పౌన్లు తూగింది, మట్టి తగ్గింది రెండే రెండు ఔన్సులు. ఆయన పోయాక 1648లో అచ్చయిన ఈ లెక్కను బట్టి చెట్టంతా నీళ్ళతోనే అయిందని ఆయన తేల్చాడు. అది తప్పు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు వాటా ఆయన లెక్కకు అందలేదు. ‘గ్యాస్’ అన్న మాటను లోకానికి ఇచ్చినవాడే ఆ గ్యాసు దగ్గర తప్పటడుగు వేయడం విచిత్రం. కానీ మట్టి నుంచి మొక్క తీసుకునేది చిటికెడే అన్న సగం ఇప్పటికీ నిలిచే ఉంది. ఎండబెట్టిన మొక్క బరువులో సుమారు 95 శాతం కర్బనం, ఆక్సిజన్, హైడ్రోజన్. అవి గాలీ నీళ్ళూ ఇచ్చినవి, వాటిని కలిపి వండింది వెలుతురు. పోషకరావు సింకు కింద దాచినవన్నీ కలిపి మిగతా 5 శాతం కోసం. ఇప్పుడు వెలుతురు లెక్క చూడండి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ దాదాపు లక్ష లక్స్. కిటికీకి రెండు మూడు మీటర్ల దూరాన సోఫా మూలకు చేరేది కొన్ని వందలు. “మరి కడియం నర్సరీల్లో బాగానే వేస్తారు కదా, మొక్కలు నిగనిగలాడుతున్నాయి కదా” అని పోషకరావు అడ్డం తిరుగుతాడు. అక్కడ షేడ్‌నెట్ సగం ఎండ ఆపినా ఇంకా యాభై వేల లక్స్ మిగులుతుంది. రోజూ గొట్టంతో కొట్టే నీళ్ళకు, మిగిలిన ఎరువు కిందికి జారిపోతుంది. పొద్దస్తమానం నాట్లు వేసి వచ్చినవారి తిండిని, రోజంతా కుర్చీలో కూర్చున్నవారికి వడ్డిస్తే ఏమవుతుందో పోషకరావు బొజ్జను అడిగినా చెబుతుంది.

ఇక ఎదుగుదల దశలు. వీటిమీద ఆయనకు పురోహితుడికి ఉన్నంత పట్టింపు. మొక్కకు బారసాల, అక్షరాభ్యాసం, పెళ్ళిచూపులు అన్నీ ఉన్నాయని ఆయన లెక్క. లెక్క సరైనదే, ముహూర్తాలే తప్పు. గింజ మొలకెత్తేటప్పుడు దానికి పైనుంచి ఏమీ అక్కర్లేదు. కన్నతల్లి సారె కట్టి పంపినట్టు బీజదళాల్లో తిండి సర్దే ఉంటుంది. అసలు ఆకులు రెండు జతలు విప్పే దాకా అదే చాలు, ఆ తర్వాతైనా మామూలు మోతాదులో నాలుగో వంతు. పోషకరావు మాత్రం మొలక తల ఎత్తీ ఎత్తకముందే డి.ఎ.పి. ఎరువు గుళికలు గుచ్చుతాడు. అన్నప్రాశన నాడే ఆవకాయ అంటే ఇదే. కత్తిరించి నాటిన కొమ్మ సంగతీ అంతే. దానికింకా వేళ్ళే లేవు, నోరు లేనివాడికి వడ్డన. నర్సరీ నుంచి తెచ్చి కుండీ మార్చిన మొక్కకు ప్రయాణంలో తెగిన వేళ్ళు మానడానికి నెలరోజులైనా పడుతుంది. ఆయన ఆ రోజు సాయంత్రమే విందు చేస్తాడు, కొత్తకోడలు గృహప్రవేశం కదా! నిజంగా పెట్టాల్సిన కాలం ఒకటుంది. కొత్త ఆకు విప్పుతూ, పాత ఆకును మించి పెరుగుతున్న కాలం. మన దగ్గర చాలా మొక్కలకు అది వేసవి మొదలుకుని వానల చివరి దాకా. అప్పుడు 19:19:19 లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున, తడిమట్టి మీద, నెలకొకసారి పోస్తే చాలు. చలికాలంలో ఎదుగుదల మందగిస్తే అదీ ఆపేయాలి. జెడ్ జెడ్ ప్లాంట్ లాంటిది దుంపలో నీళ్ళూ తిండీ దాచుకుని నెలల తరబడి ఎవరినీ చెయ్యి చాపి అడగదు. ఆయన దృష్టిలో అది మొహమాటం.

పూత దశ దగ్గర ఆయన ఆశకు అవధులుండవు. మనీ ప్లాంట్ ఇన్నేళ్ళయినా పూయలేదని దిగులు పడి, భాస్వరం ఎక్కువున్న పూల ఎరువు పోస్తాడు. పాపం, ఆ తీగకు జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో జన్యులోపం ఉందనీ, అందుకే పూయదనీ 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ హార్మోను పిచికారీ చేస్తే పూసింది. భాస్వరం ఎన్ని బస్తాలు పోసినా పూయదు. గొడ్రాలికి సీమంతం చేసినట్టు అనబోయి, ఆ సామెత ఈ కాలానికి తగదని ఆగుతున్నాను.

ఉప్పు అన్నాను కదా, అది అలంకారానికి అన్న మాట కాదు. పొట్లాల్లో వచ్చే రసాయన ఎరువులు చాలామట్టుకు రసాయన శాస్త్రం లెక్కలో నిజంగానే లవణాలు. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లి మూడు రోజులుంచితే మాగాయకు ఊట ఎక్కడినుంచి వస్తుందో తెలిసినవారికి, వేరు చుట్టూ ఎరువు ఎక్కువైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. వేరు నీళ్ళు పీల్చడం మాని, తనలోని నీళ్ళనే మట్టికి అప్పగిస్తుంది. ఆకు కొసలు గోధుమరంగులో మాడతాయి, కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటుంది. మాడిన కొస చూసి ఆయన “ఆకలి” అంటాడు, మరో చెంచా వేస్తాడు. కింద పళ్ళెంలోకి కారిన నీళ్ళను కూడా “ఎరువు వృథా పోతుంది” అని తిరిగి కుండీలోనే పోస్తాడు. బయటికి పోదామని వచ్చిన ఉప్పును మెడ పట్టి లోపలికి తోయడమన్నమాట. ఆయన ‘ఒక్క చెంచా’ యూరియా ఎంతో లెక్కవేద్దాం. వరికి హెక్టారుకు 120 కిలోల నత్రజని అంటే పెద్ద మోతాదే. ఎనిమిదంగుళాల కుండీ వైశాల్యానికి ఆ లెక్కన పంటకాలం మొత్తానికీ వచ్చేది గ్రాములో పదింట ఎనిమిది తొమ్మిది వంతుల యూరియా. చెంచాలో పట్టేది దాదాపు ఐదు గ్రాములు. అంటే ఎండలో గింజ పండించే వరి మూడు నాలుగు నెలల్లో తినేదానికి ఆరు రెట్లు, నీడలో కూర్చున్న మనీ ప్లాంట్ ఒక్క పూట తినాలి.

“అందుకేగా, నేను సేంద్రియంలోకి మారాను” అంటాడాయన, జంధ్యం మార్చుకున్నంత పవిత్రంగా. ఈ అభ్యంతరం గట్టిదే, కొట్టిపారేయకూడదు. కంపోస్టు మెల్లగా వదులుతుంది, మట్టిని గుల్లగా ఉంచుతుంది, దానితో వేళ్ళు మాడటం అరుదు. కానీ ఆవపిండి చెక్కయినా పేడయినా సూక్ష్మజీవులు కుళ్ళబెట్టి, అమ్మోనియంగానో నైట్రేటుగానో మార్చాకే దాని నత్రజని వేరుకు ఎక్కువగా అందేది. ఏ గోవు ఇచ్చిందో వేరు అడగదు. ఆ కుళ్ళే పని పెరట్లో జరిగితే వ్యవసాయం, హాల్లో జరిగితే కంపు. తడిమట్టి మీద చిన్న చిన్న నల్ల ఈగలు లేచి టీవీ చూస్తున్నవారి ముక్కులో దూరతాయి. పేడ, గోమూత్రం కలిపి పులియబెట్టే జీవామృతం సంగతి మరీ తమాషా. ప్రకృతి వ్యవసాయం బోధించే పాలేకర్ పద్ధతిలో 200 లీటర్లు ఒక ఎకరానికి. ఆ లెక్కన మన ఎనిమిదంగుళాల కుండీ వాటా రెండు మిల్లీలీటర్లు కూడా రాదు, పిల్లల దగ్గుమందు చెంచాలో సగం కన్నా తక్కువ. పోషకరావు చెంబుతో పోస్తాడు. కోడిగుడ్డు పెంకులంటారా, అవి దాదాపు సున్నపురాయే. పులుపు లేని మట్టిలో ఏళ్ళు గడిచినా పెంకులు పెంకులుగానే ఉంటాయి, చూపులకు బాగుంటాయి.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. కుండీ మట్టి పిడికెడు, నీళ్ళు పోసినప్పుడల్లా పోషకాలు కొట్టుకుపోతాయి, పైగా ఇప్పటి కుండీల్లో సగం కొబ్బరిపొట్టు, దానిలో సారమెంతని? ముమ్మాటికీ నిజం. ఏళ్ళ తరబడి ఏమీ పెట్టకపోతే మొక్క పాలిపోతుంది, కింది ముదురాకులు ముందు పసుపెక్కుతాయి. అది నత్రజని కొరత. లేత ఆకు పసుపుపచ్చగా ఉండి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిస్తే చాలాసార్లు ఇనుము కొరత. ఈ తేడా గమనించి తగినది కొద్దిగా ఇచ్చేవారితో నాకు పేచీ లేదు. పేచీ అంతా పసుపు కనబడగానే ఎప్సమ్ సాల్టు అందుకునే చేతితోనే. అందులో మెగ్నీషియం, గంధకం తప్ప మరేమీ లేవు. పల్లెటూరి ఆర్.ఎం.పి. నీరసం అనగానే సెలైన్ ఎక్కించినట్టు ఆయనకూ అన్ని రోగాలకూ ఒకే సీసా. ఇంటి మొక్కల్లో పసుపుకు అన్నిటికంటే మామూలు కారణం నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళడం. కుళ్ళిన వేరుకు ఎరువంటే మూతపడ్డ బ్యాంకులో డిపాజిట్టు.

పోషకరావు ఆరునెలలు న్యూజెర్సీలో కొడుకు దగ్గరికి వెళ్ళినప్పుడు రెండు దేశాల్లో ఒకేసారి పరీక్ష మొదలవుతుంది. అక్కడ డిసెంబరు చలికి ఇంట్లోకి తెచ్చిన కరివేపాకు మొక్క ఆకులు రాలుస్తుంది. అది దాని నిద్రాకాలం. ఆయన నిద్రపోతున్నదాన్ని లేపి పుల్లమజ్జిగ పోస్తాడు, కోడలు ముక్కు మూసుకుని “మామయ్యగారూ, మార్చి దాకా ఆగండి” అంటుంది. ఇక్కడ పక్కింటివారి చేతిలో ఫ్లాటు తాళంచెవులూ, ఏ కుండీకి ఏ రోజు ఎన్ని చెంచాలో రాసిన నాలుగు పేజీల చీటీ ఉంటాయి. వారు బద్ధకించి వారానికొకసారి నీళ్ళు మాత్రం పోస్తారు. ఆయన తిరిగొచ్చేసరికి అరెకా మూడు కొత్త మట్టలు వేసి ఉంటుంది. “చూశారా, వెళ్ళేముందు వేసిన డోసు ఇప్పుడు పట్టింది!” అంటాడు మురిసిపోతూ. ఆ పక్కింటివారికి నాదొక విన్నపం: దయచేసి ఆ చీటీ సంగతి ఆయనకు చెప్పకండి, వచ్చే ఏడూ తాళంచెవులు మీకే ఇస్తాడు.