అచ్చు వాడి దగ్గర, అట్టపెట్టె మన దగ్గర

ముందుగా మార్గేట్ దొరలకు ఓ శాలువా కప్పాలి. పోటీదారు చేతికి జుట్టు అందించి, పైగా దువ్వెన కూడా ఇచ్చొచ్చిన వ్యాపారులు మళ్ళీ దొరకరు.

బ్రిటన్‌లో బొమ్మ రైలుకు హార్న్‌బీ మారుపేరు. కెంట్ తీరంలోని మార్గేట్‌లో 1950ల నుంచి రైళ్ళు చేసిన ఫ్యాక్టరీ ఉండేది. కూలి చవకని 1990లలో తయారీని చైనాకు తోలేశారు. శాండా కాన్ అనే కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. పనితనానికి వంక పెట్టలేం. వెంట్రుకంత కడ్డీని పట్టకారుతో పట్టి బాయిలరు పక్క చిల్లులో దూర్చే ఫ్యాక్టరీ అమ్మాయికి, భూతద్దం పెడితే గానీ కనిపించని అక్షరాలను రబ్బరు దిండుతో అద్దే ఆమె పక్కవాడికి దండం పెట్టాల్సిందే. వాళ్ళు అసలు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ రైలింజన్‌ను ఎన్నడూ చూసి ఉండరు. చేసింది వాళ్ళు, గర్వం లండన్‌ది.

2008లో శాండా కాన్‌ను హాంకాంగ్ కంపెనీ కేడర్ కొనేసింది. ఆ కేడరే బాక్‌మన్‌కు యజమాని. బాక్‌మన్ అంటే బ్రిటన్ బజారులో హార్న్‌బీతో ఢీ అంటే ఢీ అనే కంపెనీ! ఎదురు హోటలువాడి వంటింట్లో మన ఇడ్లీలు ఉడుకుతున్నాయన్నమాట. పొయ్యి మీదికి ముందు ఎవరి పిండి ఎక్కుతుందో చెప్పడానికి ఎంబీయే చదవాలా? 2012 నాటికి హార్న్‌బీ సరుకు అందక, లెక్కలు తప్పి, చైనా సరఫరాదారు మీద నిట్టూర్పులు విడుస్తూ కూర్చుంది.

పాపం, ముందే ఎవరైనా చెప్పి ఉంటేనా! చెప్పారు. 1970లలో పాలిటాయ్ కంపెనీ తన మెయిన్‌లైన్ రైళ్ళను ఇదే కేడర్ చేత చేయించుకుంది. పాలిటాయ్ చేతులెత్తేసింది, అచ్చులు కేడర్ దగ్గరే ఉండిపోయాయి. ఆ అచ్చులతోనే బాక్‌మన్ బ్రిటన్‌లో దుకాణం తెరిచింది. పరాయి వాడి అచ్చులో పుట్టిన పోటీదారుతోనే రోజూ తలపడుతూ, తన అచ్చులను సముద్రం దాటించిన హార్న్‌బీ ధైర్యం సామాన్యమైనదా?

కొనేవాళ్ళూ తక్కువవాళ్ళేం కాదు. పెట్టె విప్పగానే రివెట్లు లెక్కపెడతారు. ఒక్కటి తగ్గితే స్వదేశీ పనితనం నాశనమైందని గగ్గోలు. ధర మాత్రం తాతల నాటిదే ఉండాలి. మార్గేట్ ఫ్యాక్టరీ ఏమైందంటారా? 2010లో అక్కడ సందర్శకుల కేంద్రం తెరిచారు. రైళ్ళు చేయడం మానేసిన చోట రైళ్ళు చూపిస్తారు.

అసలు తమాషా బొమ్మ విమానాల కిట్ల బ్రాండు ఎయిర్‌ఫిక్స్‌ది. ఆ కిట్లను ఫ్రాన్స్‌లో హెల్లర్ చేసిపెట్టేది, అచ్చులూ అక్కడే. హెల్లర్ దివాలా తీయడంతో 2006లో ఎయిర్‌ఫిక్స్ యజమాని హంబ్రాల్ కూడా కుప్పకూలింది. ఆ శిథిలాల్లోంచి ఎయిర్‌ఫిక్స్‌ను ఏరుకున్నది సాక్షాత్తూ హార్న్‌బీయే! పక్కవాడి ఇల్లు ఎలా కాలిందో దగ్గరుండి చూసి, కాలిన సామాను కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. ఆ తర్వాత స్పిట్‌ఫైర్ కిట్లను ఎక్కడ పోతపోయించింది? మన ఇండియాలో. రాణిగారి గగనవీరుడు 'మేడిన్ ఇండియా' ముద్రతో ఓడెక్కాడు.

అచ్చుల గది తాళం ఎవరి మొలలో ఉందో ఈసారైనా అడిగారా, దొరా?