అతడు పుచ్చుకొనెను (టీకా తాత్పర్య సహితము)

మూలము: నాయిక ఉంగరము తీసి ఇచ్చెను, అతడు పుచ్చుకొనెను, ఆమె పరుగెత్తెను.

టీక: నాయిక = 1993లో నోరా ఎఫ్రాన్ తీసిన ‘స్లీప్‌లెస్ ఇన్ సియాటిల్’ చిత్రమందలి అనీ రీడ్, బాల్టిమోర్ నగరమున పత్రికా విలేఖరి; ఉంగరము = వాల్టర్‌తో పెళ్లి కుదిరినదనుటకు గుర్తు; ఇచ్చెను = న్యూయార్క్‌లో ప్రేమికుల రోజు రాత్రి, రెయిన్‌బో రూమ్ అను ఆకాశమంటు భోజనశాలలో, బల్లకు అవతలివానికి; అతడు = ఆ వాల్టరే, ఏది తగిలినా పడక తుమ్మువాడు; పుచ్చుకొనెను = రభస చేయలేదని భావము; పరుగెత్తెను = ఎంపైర్ స్టేట్ భవనము మీదికి, అంతవరకు నాలుగు మాటలైన ఆడియెరుగని సామ్ అను విధురుని కొరకు. తక్కిన పదములు సుగమములు.

తాత్పర్యం: ప్రేక్షకలోకం ఈ వాక్యంలో మొదటి క్రియను, చివరి క్రియను కళ్లకద్దుకుని మధ్యదాన్ని ఉత్త అతుకు కింద జమకట్టేస్తుంది. ఉంగరం ఇచ్చింది కనుక ధైర్యవంతురాలు, పరుగెత్తింది కనుక ప్రేమమూర్తి. మధ్యలో పుచ్చుకున్నవాడి సంగతి ఎవరికీ పట్టదు. ఈ వ్యాఖ్యాత మతం వేరు. ప్రేమ సినిమాలో భద్రమైన సంబంధానికీ అనుకోని ప్రేమకూ మధ్య ఎంపిక అని మనం చెప్పుకునేది నిజమైన ఎంపికో, ఉత్త తంతో తేల్చేది ఆ మధ్య క్రియే. ఈ చిత్రంలోనే చూడండి. అనీ, సామ్ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునేది ఆఖరి కొద్ది నిమిషాల్లో. అంతకుముందు విమానాశ్రయంలో అతను ఆమెను చూస్తాడు, సియాటిల్‌లో రోడ్డుకు అటూ ఇటూ నిలబడి ఒక పలకరింపు అయిందనిపిస్తారు, అంతే. ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, తమ మధ్య ఉన్నదేమిటో లేనిదేమిటో దాచకుండా చెప్పుకునే ఘట్టం ఇందులో ఒక్కటే, అది వాల్టర్‌తో జరిగిన ఆ భోజనం. ఇంకొకరు సర్దుకుపోయి తనను కట్టుకోవడం తనకూ అక్కర్లేదని వాల్టర్ నెమ్మదిగానే చెబుతాడు. ప్రేమకథ అంటూ టికెట్టు అమ్మిన సినిమాలో ప్రేమ గురించి పెద్దమనిషి తరహాలో మాట్లాడినవాడు పెళ్లి తప్పిపోయినవాడే!

ఇచట శంక: మనిషిని ఎరగకుండా రేడియోలో గొంతు విని మనసిచ్చేయడమేమిటి? సమాధానం సులువు. చెవిలోంచి పుట్టే వలపును మన ఆలంకారికులు ఏనాడో ఒప్పుకున్నారు. దమయంతికి హంస చెప్పింది, రుక్మిణి వచ్చేపోయేవాళ్ల నోట కృష్ణుడి గుణాలు విన్నది. క్రిస్మస్ ముందు రాత్రి కారు నడుపుకుంటూ పోతున్న అనీకి రేడియో చెప్పింది: ఎనిమిదేళ్ల జోనా ఫోన్ చేసి, భార్యను పోగొట్టుకున్న తండ్రి సామ్‌ను లైన్‌లోకి లాగుతాడు. రుక్మిణి ఉత్తరం మోయడానికి అగ్నిద్యోతనుడున్నట్టే, అనీ రాసి కూడా పంపని ఉత్తరాన్ని స్నేహితురాలు బెకీ పోస్టులో పడేస్తుంది. లక్షణమంతా శాస్త్రోక్తంగానే ఉంది.

అసలు గడ్డు శంక ఇది. దమయంతి పేరెత్తావు గనుక ఆమె స్వయంవరమే నీ మీదికి తెస్తానంటాడు పూర్వపక్షి. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుడి రూపు దాల్చి అతని సరసన కూర్చున్నారు. ఈ ఘట్టంలో శ్రీహర్షుడు సరస్వతి చేత శ్లేష మీద శ్లేష పలికిస్తే, మెదక్ దిక్కు కొల్చారం పేరును ఇంటిపేరుగా మోసిన కోలాచల మల్లినాథసూరి అంతటివాడు దానికి వ్యాఖ్య రాయవలసి వచ్చింది. దమయంతి చివరికి గుర్తుపట్టింది దేనితో? దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, దండ వాడదు, కాలు నేల కానదు. నలుడికి చెమట పట్టింది, దుమ్ము అంటింది, దండ వాడింది, కింద నీడ పడింది. ఆమె చెమట పట్టినవాడి మెడలో దండ వేసింది. మీ అనీ చేసిందేమిటి? ఎదురుగా తుమ్ముతున్న మనిషిని వదిలి, రేడియోలో వినిపించే నీడలేని గొంతు కోసం పరుగెత్తింది. అంటే దేవతను వరించి నలుణ్ణి కాదన్నదే గదా?

శంక బలమైనదే, దులిపేసుకుంటే పోయేది కాదు. దీనికి సమాధానం దర్శకుల దుకాణంలో ఉంది. నాయికకు కుదిరిన సంబంధం మీద వాళ్లు ముందే ఒక దోషం అంటగడతారు, తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటించే వ్యాపారిలాగా. తుమ్ము అందులో కాస్త మర్యాదైన చింతపండు. ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ (1995)లో కుల్జీత్ చేతికి తుపాకీ ఇచ్చి వేటకు పంపారు. ‘టైటానిక్’ (1997)లో కాల్ అయితే నాయికను చెంపదెబ్బ కొట్టి, మునిగిపోతున్న ఓడలో పిస్తోలు పట్టుకుని వెంటపడతాడు. అలాంటివాణ్ణి వదిలెయ్యడానికి ప్రేమ అక్కర్లేదు, ఇంగితం చాలు. చెడ్డవాడికీ మంచివాడికీ మధ్య ఎంచుకోమనడం ఎంపికే కాదు. అందుకే ‘ది నోట్‌బుక్’ (2004) కన్నీళ్ల విషయంలో ఎంత చేయి జారినా ఒక్క లెక్కలో నిజాయితీ గలది: లాన్ అనే కాబోయే వరుడికి ఏ వంకా పెట్టలేదు, డబ్బుంది, అందముంది, నాయిక ఆలీ మీద నిజమైన ఇష్టమూ ఉంది. అతన్ని కాదనడానికి ఆలీకి ఎవరూ సాకు చేతికివ్వలేదు. ఇక ఎఫ్రాన్ సంగతి. ఆమె చింతపండు అంటించిన మాట నిజం, కానీ అసలు తూకం వేళకు తనే గీకి పారేసింది. ఆ భోజనంబల్ల దగ్గర తుమ్ము ఊసే కారణంగా రాదు. సామ్ భవనం మీద ఉంటాడన్న రూఢి కూడా అనీకి లేదు. చేతిలో ఉన్నది వదిలింది, రాబోయేది తెలియదు. దమయంతి చెమటనూ నీడనూ చూసి మరీ వేసింది దండ. అనీకి ఆ ఆనవాళ్లేవీ అందలేదు. కనుక ఆమె దేవతను వరించిందనడం పొసగదు, ఇంకా ఎవరినీ వరించకముందే ఒకరిని మోసం చెయ్యడం మానుకుంది.

భద్రుడే గెలిచిన చిత్రాలు లేవా అంటే, ఉన్నాయి. ‘హమ్ దిల్ దే చుకే సనమ్’ (1999)లో నందిని ప్రియుడు సమీర్ దాకా వెళ్లి, భర్త వన్‌రాజ్ దగ్గరికే తిరిగొస్తుంది. దీన్ని పట్టుకుని తాళిబొట్టు మహిమ అని వ్యాఖ్యానించినవారు కొందరున్నారు, వారికి నమస్కారం. ఆ భర్త తాళి కట్టినందుకు గెలవలేదు. భార్యను వెంటబెట్టుకుని దేశం దాటి, ఆమె ప్రియుణ్ణి వెతికిపెట్టడానికి బయల్దేరినప్పుడు గెలిచాడు. అది ఏ లెక్కన చూసినా భద్రమైన పని కాదు. వదులుకోవడానికి సిద్ధపడ్డాకే అతను ఆమె కంటికి ఆనాడు. కనుక ఈ ఉదాహరణ మన సూత్రానికి అపవాదం కాదు, అది పుచ్చుకొనెను అన్న క్రియకే విస్తృతి. మన శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ (2004) ఈ చిక్కులోకే దిగలేదు. రూప పెళ్లి చెడిపోయాకే గదా ఆనంద్ పొరుగింట్లో దిగింది.

ఇంత చేసి, కాదనిపించుకున్నవాడి ఔదార్యం కథకు నిజంగా ఒరగబెట్టిందేమిటన్నది కడపటి శంక. దీనికి మళ్లీ నలుడి కథకే పోవాలి. స్వయంవరంలో ఓడిన నలుగురు దేవతలూ అలగలేదు, తలా రెండు వరాలిచ్చి వెళ్లారు. అలిగినవాడు కలి, అసలు స్వయంవరానికే వేళ మించి బయల్దేరినవాడు! ఆ వరాల్లో యముడిచ్చింది అన్నరసం, మనం నలపాకం అని లొట్టలేసుకునేది దానినే. జూదంలో సర్వం పోయి, రూపం మారి, బాహుకుడనే పేరుతో వంట చేసుకుంటున్న నలుణ్ణి దమయంతి ఎలా పోల్చుకుంది? కేశిని అనే చెలికత్తెను పంపి, అతను వండిన మాంసం తెప్పించి రుచి చూసింది. తాను కాదన్న వరుడు ఇచ్చిపోయిన రుచితోనే తన భర్త ఆనవాలు పట్టింది. వాల్టర్ ఇచ్చిన వరం ఇంతకంటే చిన్నది, కొద్ది నిమిషాలు. అనీ చేరేసరికి పైఅంతస్తు మూసేశారు, కాపలావాణ్ణి బతిమాలుకుని ఎక్కవలసి వచ్చింది, తండ్రీకొడుకులు అప్పటికే దిగిపోయారు. జోనా మరిచిపోయిన వీపుసంచి ఒక్కటే అక్కడ పడి ఉంది, దానికోసం వాళ్లు వెనక్కొస్తేనే కలయిక. రెయిన్‌బో రూమ్‌లో వాల్టర్ ఎందుకు, ఎప్పటినుంచి, వాడిలో ఏముంది అని మరికాస్సేపు నిలదీసి ఉంటే, ఆ సంచి తీసుకుని వాళ్లిద్దరూ హోటలుకు వెళ్లిపోయేవారు.