సంచి వదిన

పెళ్లిళ్లలో ఎవరి మెడలో ఎన్ని తులాలున్నాయని ఆరా తీయడం ఇప్పుడు మోటు కింద లెక్క. ఎవరి చేతిలో సంచి ఎన్నేళ్లనాటిదని అడగాలి. అడిగాక ఓ కుర్చీ లాక్కుని కూచోవాలి కూడా, ఎందుకంటే ఆ జవాబు పప్పన్నం దగ్గర మొదలైతే పెరుగన్నం దాకా సాగుతుంది. ఇలా జవాబు చెప్పే మనిషి ఈమధ్య ఇంటికొకరు తయారయ్యారు. మా ఇంటికి మా వదిన. అసలు పేరు ఒకటుంది గానీ చుట్టాలందరికీ ఆవిడ సంచి వదినే. వదిన వరస కానివాళ్లు కూడా అలాగే అంటారు.

ఉండేది హైదరాబాదులో, మియాపూర్ వైపు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. బట్టలన్నీ సరికొత్తవి: పాదాల దగ్గర వెడల్పయ్యే జీన్సు, ఇద్దరు పట్టేంత వదులు చొక్కా, లినెన్ గౌను, తెల్ల బూట్లు. సంచి మాత్రం పాతదై ఉండాలి. పాతదంటే మొన్న దసరాకి కొన్నది కాదు. "ఇరవయ్యేళ్లు దాటితే వింటేజ్, నూరేళ్లు దాటితే యాంటిక్" అంటుంది. ఈ లెక్క వదిన కనిపెట్టింది కాదు, పాత సరుకు వ్యాపారంలో అందరూ అనుకునేదే. అది విన్నరోజు మా అమ్మ తన వయసు వేళ్ల మీద లెక్కేసుకుని, "అయితే నేనింకా మొదటి రకమే" అని తృప్తిపడింది.

వదిన చుట్టపుచూపుగా వచ్చిందంటే ముందు మనుషుల్ని కాదు, అటకని పలకరిస్తుంది. కాళ్లు కడుక్కుంటూనే తలెత్తి, "ఆ ట్రంకు పెట్టె ఎవరిది అత్తయ్యా?" అంటుంది. పరామర్శకి వెళ్లినా అంతే. ఏడుస్తున్న పెద్దావిడ వీపు ఒక చేత్తో నిమురుతూ, బీరువా మీద దుమ్ము పట్టిన సంచుల వైపు ఓ కన్ను వేసి ఉంచుతుంది. తర్వాత ఫోన్ చేసి ఆ సంచి సంగతి అడుగుతుంది. పెద్దకర్మ కాకుండా అడగదు, అంత మర్యాద ఉంది.

ఈ దండయాత్రలో మొదట పడిన కోట మా మేనత్తది. ఆవిడ తెనాలిలో టీచరుగా చేసి రిటైరైంది. నల్ల తోలు సంచి ఆవిడది. నేలమీద పెడితే ఒరిగిపోకుండా నిలబడుతుంది. పైన రెండు ఇత్తడి గుండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ దాటి మూసుకుంటాయి. మూస్తే 'టక్' మంటుంది. ఆ చప్పుడు వినగానే క్లాసులో గోల ఆగిపోయేదని ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వదిన దాన్ని రెండు చేతులా అందుకుని, మూత తెరిచి, లోపలికి ముఖం పెట్టి గట్టిగా పీల్చింది. తోలు వాసనా, గమ్ము వాసనా తేల్చుకోవడానికట. మా మేనత్త భయపడి మంచినీళ్లు తెప్పించింది.

తర్వాత నాలుగురోజులు మా ఇంట్లో ఆ సంచికి జరిగిన సేవ మనుషులెవరికీ జరగలేదు. తడి పిండిన గుడ్డతో తుడవడం, ఎండలో కాక నీడన ఆరబెట్టడం, అణిగిన మూలలు లేవడానికి లోపల కాగితం ఉండలు కూరడం. న్యూస్‌పేపరు కూరితే అచ్చు సిరా లోపలి గుడ్డకి అంటుకుంటుందని తెల్లకాగితాలే వాడింది. లోపలి జిప్పు కదలకపోతే దాని పళ్ల మీద కొవ్వొత్తి రుద్దింది, కదిలింది. ఇంతలో మా అమ్మ సాయం చేద్దామని కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చింది. వదిన కేకకి పక్కింటివాళ్లు వచ్చారు. నూనె పీల్చుకుంటే తోలు మచ్చలు పడుతుంది, కొన్నాళ్లకి ముక్కిపోయిన వాసన వస్తుంది. "మా రోజుల్లో చెప్పులకి ఆముదం రాసేవాళ్లమే!" అని అమ్మ నొచ్చుకుంది. "చెప్పులు పెళ్లికి చేత్తో పట్టుకెళ్లం కదత్తయ్యా" అంది వదిన.

అయిదోరోజున ఆ సంచి మోచేతికి తగిలించుకుని, తెల్ల చొక్కా, నీలం జీన్సు వేసుకుని బయటికొచ్చింది. బాగుంది. ఎవరేమన్నా ఆ మాట అనాల్సిందే. బిగదీసుకుని నిలబడే సంచి పక్కన వదులు బట్ట ఉండడంతో ఒకదానివల్ల రెండోది తేలింది. అదే సంచి మా మేనత్త గంజిపెట్టిన వెంకటగిరి చీర మీద పట్టుకున్నప్పుడు అది బడికెళ్లే సంచి మాత్రమే.

వదినకి కొన్ని నియమాలున్నాయి. ఒంటిమీద పాత వస్తువు ఒక్కటే ఉండాలి. పాత చీర, పాత నగ, పాత సంచి మూడూ కలిస్తే మ్యూజియం అంటుంది. ("అంటే మేమంతా మ్యూజియమేనా?" అని మా అమ్మ.) సంచి గొలుసు పసుపురంగైతే వాచీ తెల్లగా ఉండకూడదు. అద్దాలూ గవ్వలూ కుట్టిన లంబాడీ సంచి తీస్తే బట్టలు ఒకే రంగులో, పువ్వూ కాయా లేకుండా ఉండాలి. సంచి అరుస్తుంటే బట్టలు నోరు మూసుకోవాలన్నమాట. చీర మీద భుజానికి అడ్డంగా సంచి వేస్తే కుచ్చిళ్లు నలిగి పవిట చచ్చిపోతుంది కాబట్టి, చేతిలో పట్టే చిన్నదే పట్టాలి. ఇవన్నీ సబబైన మాటలే. చిక్కు వేరేచోట ఉంది.

వదిన సంచిలో ఏమీ పెట్టదు.

పాత సంచి బరువు మోయకూడదట. పిడి కుట్టు ఊడుతుందట, అడుగు జారుతుందట. పైగా ఆ కాలం సంచుల్లో ఈ కాలం ఫోను పట్టదు. చేతిరుమాలు, దువ్వెన, బస్సు చార్జీ, బొట్టు డబ్బా, వీటికోసం కుట్టిన సంచులవి. మరి వదిన ఫోను, చార్జరు, పవర్ బ్యాంకు, కారు తాళాలు, ఇంటి తాళాలు, నీళ్ల సీసా, లిప్‌స్టిక్కులు రెండు, కళ్లజోడు ఎక్కడుంటాయి? మా అన్నయ్య జేబుల్లో. పాపం, ఒకప్పుడు ఇస్త్రీ ప్యాంటు తప్ప వేసేవాడు కాదు. ఇప్పుడు మోకాళ్ల దాకా జేబులున్న కార్గో ప్యాంట్లు వేస్తున్నాడు. ఆఫీసులో కుర్రకారు "సార్ కొత్త స్టైల్" అని మెచ్చుకుంటున్నారట. పెళ్లి మంటపంలో వదిన ముందు తేలిగ్గా నడుస్తుంది, వెనక అన్నయ్య గలగలమంటూ వస్తాడు. విమానాశ్రయంలో తనిఖీ దగ్గర వదిన సంచి ట్రేలో హాయిగా పడుకుని వెళ్లిపోతుంది. అన్నయ్యకి మూడు ట్రేలు కావాలి.

మా మేనత్త కూడా ఊరుకోలేదు. సంచి ఇచ్చిన వారానికి ఫోన్ చేసి, "అమ్మాయ్, లోపలి అరలో నా డబ్బులుండాలి చూడు" అంది. చూస్తే నిజంగానే ఉన్నాయి, పావలా బిళ్లలు, రెండు తలపిన్నులు, నలిగిన ఆర్టీసీ టిక్కెట్టు. పావలాలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయని వదిన వివరంగా చెప్పింది. "చెల్లకపోతే నీకెందుకు? నావి నాకు పంపించు" అంది మేనత్త. కొరియర్ చార్జీ ఆ బిళ్లల కంటే ఎన్నో రెట్లయింది. ఆవిడ మాటలో పట్టుదల నాకు అర్థమైంది. ఆ తరం ఆడవాళ్లకి ఇంట్లో బీరువా తాళం మామగారి దగ్గరుండేది, జీతం భర్త చేతిలో పడేది. ఎవరూ అడక్కుండా తెరవని చోటు ఆ సంచి ఒక్కటే.

వదినకి ఈ గొడవ పట్టదు. ఆవిడ ధ్యాసంతా ప్యారిస్ మీద ఉంటుంది. భోజనాల దగ్గర ఎవరైనా 'సంచి' అంటే చాలు, షానెల్ దగ్గర మొదలెడుతుంది. 1955 ఫిబ్రవరిలో కోకో షానెల్ భుజానికి వేలాడే గొలుసు సంచి తెచ్చి ఆడదాని రెండు చేతులకీ విముక్తి ఇచ్చిందని, ఆ నెలా ఆ ఏడూ బట్టే దానికి 2.55 అని పేరని. మా అమ్మ మజ్జిగ పోస్తూ, "1955లో మా అమ్మ డబ్బులు కొంగున ముడేసి బొడ్లో దోపేది. చేతులు అప్పటికే ఖాళీ" అంది. వదిన వినిపించుకోకుండా గ్రేస్ కెల్లీకి వెళ్లింది. ఆ మొనాకో యువరాణి 1956లో కడుపుతో ఉన్నప్పుడు ఫోటోగ్రాఫర్లకి కనిపించకుండా పొట్టకి అడ్డంగా హెర్మెస్ సంచి పట్టుకుంది. ఆ ఫోటో ఎంత పాకిందంటే చివరికి 1977లో కంపెనీయే సంచికి కెల్లీ అని పేరు పెట్టేసింది. ఇది విని మా చిన్నాన్న, "పొట్టకి అడ్డం పెట్టుకోవడానికైతే నాక్కూడా ఒకటి కావాలి" అన్నాడు.

అసలు దెబ్బ జేన్ బర్కిన్ కథ దగ్గర తగిలింది. ఆవిడ నటి, గాయని. ఎక్కడికెళ్లినా అల్లిన బుట్ట ఒకటి పట్టుకెళ్లేది. 1980ల మొదట్లో ప్యారిస్ నుంచి లండన్ వెళ్లే విమానంలో ఆవిడ సామానంతా కిందపడింది. పక్కసీట్లో ఉన్నది హెర్మెస్ అధిపతి జాన్ లూయీ దూమా. పిల్లల తల్లికి అన్నీ పట్టే సంచి ఎక్కడా దొరకదని ఆవిడ, ఎలా ఉండాలో చెప్పమని ఆయన. అలా పుట్టిన మొదటి సంచిని 2025 జులైలో ప్యారిస్‌లో వేలం వేస్తే చార్జీలతో కలిపి దాదాపు 86 లక్షల యూరోలు పలికింది. మన లెక్కలో 80 కోట్ల పైమాటే. అది అద్దాల పెట్టెలో దాచిన సంచి కాదు. బర్కిన్ దాన్ని ఏళ్లతరబడి వాడింది, దాని మీద స్టిక్కర్లు అంటించింది, గోళ్లు కత్తిరించుకునే కట్టరు తగిలించింది. తర్వాత ఎయిడ్స్ బాధితుల సాయానికి ఇచ్చేసింది.

"చూశావా, పాత సంచి విలువ!" అని వదిన గర్వంగా ముగించింది.

మా అమ్మ చెయ్యి కడుక్కొచ్చి రెండే ప్రశ్నలు అడిగింది. "ఆ అమ్మాయి సంచిలో సామాన్లు పెట్టుకునేదా?" పెట్టుకునేదని వదిన ఒప్పుకోవాల్సి వచ్చింది. "అంతకుముందు బుట్ట పట్టుకునేదా?" అదీ నిజమే. అమ్మ ఇంకేమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి, తను పెళ్లికి ముందు మధ్యాహ్నాలు కూచుని అల్లిన ఆకుపచ్చ, తెలుపు ప్లాస్టిక్ వైరు బుట్ట తెచ్చి బల్లమీద పెట్టింది. అందులో అప్పుడు బంగాళాదుంపలున్నాయి.

వదిన కళ్లు మెరిశాయి. దుంపలు నేలమీదికి, బుట్ట బాత్రూములోకి వెళ్లిపోయాయి. సబ్బునీళ్లలో పాత బ్రష్షుతో కడిగితే నిన్న అల్లినట్టు వచ్చింది. వైరు బుట్టకి బూజు పట్టదు, పెచ్చులూడదు, అయిదు కిలోల ఉల్లిపాయలు మోసినా పిడి తెగదు. ఆ ఆదివారం గోధుమరంగు లినెన్ గౌను మీద ఆ బుట్ట పట్టుకుని ఓ పెద్ద హోటల్‌కి భోజనానికి బయల్దేరింది. గేటు దగ్గర కాపలా అతను చూసి, ఎంతో మర్యాదగా, "అమ్మా, క్యాంటీన్ సామాను వెనక గేటు నుంచి" అన్నాడు. వెనక గేటు నుంచి రోజూ అలాంటి బుట్టలతోనే వచ్చే ఆడవాళ్లని అతను ఎరుగును కాబట్టి అతని తప్పేమీ లేదు. బుట్ట ఒకటే, గేట్లు రెండు. లోపలికెళ్లాక మాత్రం పక్క టేబులు అమ్మాయి లేచొచ్చి "ఎక్కడ కొన్నారు ఆంటీ?" అని అడిగిందట. 'ఆంటీ' అన్నందుకు వదిన అడ్రసు చెప్పలేదు.

ఓటమి కూడా ఒకటుంది. గురువారం పొద్దున్నే జుమ్మేరాత్ బజార్‌కి, కుదరకపోతే ఆదివారం ఎర్రగడ్డ సంతకి వెళ్లడం వదినకి అలవాటు. అక్కడివాళ్లు ఆవిడ్ని దూరం నుంచే గుర్తుపట్టి, ధర సరిచేసుకుంటారు. ఓసారి ఒకతను మెరూన్ రంగు సంచి చూపించి, "నిజాం జమానా కా హై మేడమ్" అన్నాడు. నిజాం కాలంలో ప్లాస్టిక్ జిప్పు ఎక్కడిదని నేనంటే వదిన నన్ను మోచేత్తో పొడిచింది. కొంది. అది తోలు కాదు, గుడ్డ మీద పూత పూసిన రెక్సిన్. తోలుని చూసుకుంటే తరాలు నిలుస్తుంది గానీ, ఆ పూత గాల్లో తేమకి లోలోపలే చివికి, ఒకరోజు ఉన్నట్టుండి రాలిపోతుంది. ఆ ఒకరోజు మా బాబాయి కూతురి రిసెప్షన్‌నాడు వచ్చింది. వదిన తెల్లటి గౌనులో స్టేజి ఎక్కి, అక్షింతలు వేసి, ఫోటో దిగి, భోజనాలకి వెళ్లేసరికి ఫంక్షన్ హాల్ ఎర్ర తివాచీ మీద ఆవిడ నడిచినంత మేరా మెరూన్ పెచ్చులు. గౌను పక్కంతా అదే రంగు. ఓ పిల్లవాడు ఆ పెచ్చులు పట్టుకునే వచ్చి ఐస్‌క్రీం దగ్గర వదినని కనుక్కున్నాడు, వాళ్లమ్మ పిలుస్తోందని చెప్పడానికి.

ఆ రాత్రి నుంచి అన్నయ్య ముఖంలో ఓ ఆశ కనిపించింది. నిలవలేదు. వదిన ఇప్పుడు రెక్సిన్ జోలికి పోవడం లేదు, అంతే. మా అమ్మకి మాత్రం తెలివొచ్చింది. వైరు బుట్ట అద్దెకే ఇస్తోంది. అద్దె ఏమిటంటే, తిరిగొచ్చేటప్పుడు బుట్టనిండా కూరగాయలుండాలి. దాంతో మా వదిన పాత సంచుల్లో సామాను మోసేది అదొక్కటే అయింది.

సంక్రాంతికి వదిన గుంటూరు, తెనాలి వైపు వస్తోంది. అటక మీద ట్రంకు పెట్టె ఉన్నవాళ్లు ఇచ్చే ముందు లోపలి అరలు ఓసారి చూసుకోండి, పావలాలున్నా తీసి దాచుకోండి. రెక్సిన్ సంచులుంటే అడక్కముందే చెప్పేయండి, గుమ్మంలోంచే వెళ్లిపోతుంది. మా అన్నయ్య కూడా వెంట వస్తాడు. ఆయనకి మాత్రం ముందు ఓ కుర్చీ వేయండి, జేబుల్లో సామాను దించుకోవడానికి కాస్త టైం పడుతుంది.