అడిగితే అందం, ఆపితే అపరాధం

బండికి రంగు ఊడటం లోపమా, కాదా? అడిగేది ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

పికప్ యజమాని వెళ్లి అడిగాడా, అది లోపమే కాదు. టై కట్టుకున్న షోరూం కుర్రాడు తీయగా సెలవిస్తాడు: "కాస్మెటిక్ సార్, దానికి వారంటీ రాదు." అదే బండి ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, పోయిందనుకోండి. "ఏందయ్యా ఈ అవతారం? రంగు కొట్టించుకొని రా పో." అమ్మకానికి పెట్టారా? బ్రోకరు బానెట్‌ను గోటితో గీకుతాడు. లేచిన పెచ్చును మీ కళ్లెదుటే ఉఫ్ అని ఊదుతాడు. దాంతోపాటు ధర కూడా ఎగిరిపోతుంది. మీకు ఇవ్వాల్సి వస్తే అందం. మీ దగ్గర గుంజాల్సి వస్తే లోపం. బాగుంది కదా లెక్క?

పెబ్బేరు సంతకు పోయి చూడండి. గొర్రెలు దించే పాత పికప్‌ల వరుస కనిపిస్తుంది. క్యాబిన్ కప్పు మీద పొలుసులు లేచి ఉంటాయి. బానెట్ మీద భారతదేశం, తలుపు మీద ఆఫ్రికా ఖండం. నంబరు ప్లేటు మీద మాత్రం చరిత్ర భద్రం. ముసలి బండికి ఏపీ 22. తర్వాతి దానికి టీఎస్ 06. 2016లో పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా ముక్కలయ్యాక నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. అక్షరాలు మార్చడంలో మన సర్కార్ల చురుకు చూశారా? ఆ అక్షరాలు మోసే రేకు ఏమైపోతోందో చూసే తీరిక ఎవరికీ లేదు.

పాలకులకు రంగులంటే ప్రేమ లేదని మాత్రం అనకండి, పాపం తగులుతుంది. అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే అవతల ఆంధ్రప్రదేశ్. అక్కడ పంచాయతీ ఆఫీసులకు అప్పటి అధికార పార్టీ రంగులు పూశారు. హైకోర్టు తీసేయమంది. సుప్రీంకోర్టుకు పరుగెత్తారు. 2020లో అక్కడా చుక్కెదురైంది. పూయడానికి జనం సొమ్ము. గీకడానికి జనం సొమ్ము. నడుమ వకీళ్లకూ అదే సొమ్ము. గోడ మీది రంగు కోసం ఢిల్లీ దాకా పోయినవాళ్లున్న దేశంలో, బతుకు మోసే బండి రంగు 'అందం' పద్దు కింద కొట్టుకుపోవడం వింతేనా?

అసలు అందమేనా అది? ఫ్యాక్టరీలో ఏం చేస్తారో తెలుసా? రేకుకు ఫాస్ఫేట్ పట్టించి, తొట్టిలో ముంచి, కరెంటు పారించి, ఎపాక్సీ పొర ఎక్కిస్తారు. తుప్పుకు అడ్డుగోడ అదే. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, చాలా బండ్లకు ఆ పైన క్లియర్ కోటు. అన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. అడుగున ఉన్న ఎపాక్సీకి ఎండ పొడ గిట్టదు. అతినీలలోహిత కిరణం తగిలితే పిండి పిండిగా రాలుతుంది. దాన్ని ఎండకు చూపకుండా దాచడం పై పొరల ఉద్యోగం. పై పొర పలచనైతేనో, నడిమి పొర ఎగ్గొడితేనో, కిరణం సూటిగా అడుగుకు దిగుతుంది. అప్పుడు రంగు పట్టు వదిలేసి పలకలు పలకలుగా లేస్తుంది. గుర్తు పెట్టుకోండి: మెల్లగా వెలిసిపోతే వయసు అనుకోవచ్చు. పలకలుగా లేస్తుంటే పొరకూ పొరకూ పొత్తు కుదరలేదన్నమాట. ఆ పలక లేచిన చోట వాన నీళ్లు, బోరు నీళ్లు, ఎరువు బస్తాల ఉప్పు, అన్నీ రేకుతో నేరుగా కాపురం పెడతాయి. తుప్పు కూడా కాస్మెటిక్కేనా స్వామీ?

గద్వాల మగ్గం మీద నూలు చీరకు పట్టు అంచు అతుకుతారు. రెండు జాతుల దారం. ఏళ్లు గడిచినా ఆ అతుకు విడవదు. రోబోలు రంగు చల్లే కర్మాగారంలో మాత్రం రెండు పొరల్ని అంటించి ఉంచడం బ్రహ్మవిద్య!

పెద్ద దేశాల్లోనూ ఈ కథ నడిచింది. 1980ల చివర, 90ల మొదట్లో అమెరికాలో ఫోర్డ్ పికప్‌లకు రంగు పలకలుగా ఊడింది. నడిమి ప్రైమర్ పొర వేయకపోవడం వల్లే ఈ గతి అని యజమానులు కోర్టుకెక్కారు. 1998లో లూసియానా ఫెడరల్ కోర్టు అందరినీ కలిపి ఒకే దావాగా చూడటం కుదరదంది. ఎవరి బండి గోడు వాళ్లే వెళ్లబోసుకోవాలన్నమాట. ఇటీవల టొయోటా వంతు వచ్చింది. అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ కొన్ని మోడళ్లకు తెల్లరంగు ఊడింది. ఎండ వల్ల అడుగు పొర పట్టు పోతోందని కంపెనీయే ఒప్పుకొని, మామూలు వారంటీ దాటిన బండ్లకూ రంగు వేసిచ్చే పథకం పెట్టింది. అంటే అడిగే గొంతు గట్టిదైతే 'కాస్మెటిక్' కాస్తా 'కస్టమర్ సపోర్ట్' అవుతుంది. మన దగ్గర? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం బండ్లను వెనక్కి రప్పించే అధికారం సర్కారుకు ఇచ్చింది. అది పర్యావరణానికో, మనుషులకో హాని చేసే లోపాలకే. రంగు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇక వారంటీ పుస్తకం. ఎప్పుడైనా చదివారా? చదవరనే ధైర్యంతోనే అంత చిన్న అక్షరాల్లో అచ్చేస్తారు. ఎండ, వాన, దుమ్ము, పక్షి రెట్ట, చెట్టు జిగురు: వీటివల్ల రంగు పోతే బాధ్యత మాది కాదంటారు. మరి పికప్ ఎక్కడ తిరగాలి? కొల్లాపూర్ మామిడితోటలో చెట్లుండవా? చెట్ల మీద పిట్టలుండవా? వనపర్తి యార్డుకు పల్లీ బస్తాలు ఏసీ గదిలోంచి వస్తాయా? ప్రకటనలో ఇదే బండి ఎడారిలో ఉరుకుతుంది, వాగు దాటుతుంది, కొండెక్కుతుంది. కొన్నాక దాన్ని నీడపట్టున కూర్చోబెట్టి గొడుగు పట్టాలట.

బీమా వాళ్లు ఇంకో ఆకు ఎక్కువే చదివారు. మామూలు పాలసీలో తుప్పుతో, అరుగుదలతో మాకు సంబంధం లేదంటారు. సరే, ఎవడో గుద్ది డొక్క సొట్టపడితే? రంగు సామాను ఖర్చులో సగం తరుగు కింద కోసేస్తారు. చూశారా, రంగుకు విలువ ఉందని బీమా కంపెనీకి తెలుసు. సగం అది ఉంచేసుకుంటుంది.

ఎఫ్‌సీ సంగతి చెప్పాలా? బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా తప్పదు. గడువు మీరితే రోజుకు 50 రూపాయలు అదనం అని కేంద్రం 2016 డిసెంబరులోనే రూలు రాసింది. ఆ బాదుడు మీదే 2022 మే నెలలో హైదరాబాద్‌లో ఆటోలు, క్యాబ్‌లు బంద్ పాటించాయి. మీ ఆలస్యానికి రోజువారీ వడ్డన. మరి రంగు నిలవనందుకు కంపెనీ మీద రోజుకు ఎంత? అర్ధరూపాయి కూడా లేదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ఎఫ్‌సీ రేపనగా ఈరోజు పెయింటింగ్ షెడ్డుకు పరుగు. ఊడుతున్న పెచ్చు మీదే పుట్టీ, పుట్టీ మీదే రంగు. అద్దాలకు పేపరు అంటించి, గన్ పట్టి, సాయంత్రానికి పెళ్లికొడుకు ముస్తాబు. కింద ఉన్న పెచ్చు ఊరుకుంటుందా? కొత్త రంగును కూడా వెంటబెట్టుకొని లేస్తుంది. గట్టిగా ఉన్న పొర దొరికేదాకా వాటర్ పేపరుతో రుద్దాలి, అంచులు నున్నగా దించేయాలి, తేలిన రేకుకు ఎపాక్సీ ప్రైమర్ పట్టించాలి, ఆ తర్వాతే రంగు. మేస్త్రీకి ఇవన్నీ తెలుసు. "అంత పైసలు యాడ పెడ్తవ్ అన్నా" అని అతనే మన మీద జాలిపడతాడు. బంపరుకు నిమ్మకాయలు, వెనక డాలా మీద 'దిష్టి చుక్క' మాత్రం మరవం. పీయూ (పాలీయురేథేన్) రంగు పొగ ఊపిరితిత్తులకు చేటు. మేస్త్రీ ముక్కుకు అడ్డం ఒక చేతిగుడ్డ. అదీ కాస్మెటిక్కే కాబోలు.

కేసు వేస్తానంటే కంపెనీ వకీలు ఒక మాట సిద్ధంగా ఉంచుకుంటాడు: "ఇది వ్యాపారం బండి, నువ్వు వినియోగదారుడివే కావు." బెదిరిపోకండి. పొట్టకూటి కోసం సొంతంగా బండి నడుపుకునేవాడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే, లక్ష్మీ ఇంజినీరింగ్ కేసులో చెప్పింది. 2019 వినియోగదారుల చట్టంలోనూ ఆ మినహాయింపు ఉంది. ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. అందుకే సర్వీసు సెంటర్లో మొదటి పెచ్చు లేచిన రోజే జాబ్ కార్డు మీద 'రంగు పలకలుగా ఊడుతోంది' అని రాయమనండి. వాళ్లు 'వాషింగ్, జనరల్ చెకప్' అని రాస్తారు. కొట్టేయించి మళ్లీ రాయించండి. రాయం అంటారా? ఆ 'రాయం' అన్న ముక్కే రాసి సంతకం పెట్టమనండి.